భయం బొమ్మ కావాలి నాన్నా!

శ్రావణ మాసం. కౌతాళం మండలం ఉరుకుందలో ఈరన్న స్వామి ఉత్సవాలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనంతో ఊరు కిటకిటలాడుతుంటుంది. దర్శనం అయ్యాక పిల్లల కాళ్లు ఆగేది బొమ్మల అంగడి దగ్గరే. కారు, తుపాకీ, బూర... అన్నీ చూశాక బుడ్డోడి చెయ్యి కోరల రాక్షసుడి ముసుగు మీదికి పోతుంది. ‘అది వద్దురా, రాత్రి నిద్రలో జడుసుకుంటావ్’ అంటూ నాన్న రెక్క పట్టుకుని లాక్కెళ్తాడు. తీరా తిరుగుదారిలో, కొత్తగా కడుతున్న ఇంటి ముందు అదే మొహం! నాలుక చాపి, మీసాలు మెలేసి దిష్టిబొమ్మగా వేలాడుతూ ఉంటుంది. ఇంటికి మంచి చేసేది నాకెందుకు చెడు చేస్తుందన్న వాడి సందేహం న్యాయమైందే.

చిన్నప్పుడు ఇలా చెయ్యి జారిన భయం బొమ్మల్ని నడివయసులో వెతుక్కునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్లు సేకరించే వాటిని రెట్రో హారర్ యాక్షన్ ఫిగర్లు అంటారు. సినిమాల్లోని దెయ్యాలూ, భూతాలూ, నరరూప రాక్షసులే పాతకాలపు పద్ధతిలో చిన్న ప్లాస్టిక్ బొమ్మలైపోతాయన్నమాట.

పెద్దల సినిమా... పిల్లల బొమ్మ

ఈ పిచ్చి వెనక ఓ తమాషా కథ ఉంది. ‘స్టార్ వార్స్’ సినిమా బొమ్మలతో అమెరికాలోని కెన్నర్ కంపెనీ పంట పండింది. మూడుముప్పావు అంగుళాల ఆ బొమ్మలు 1978 నుంచి పిల్లల జేబుల్లోకి చేరాయి. అదే ఊపులో కెన్నర్ 1979లో వచ్చిన ‘ఏలియన్’ మీద చెయ్యి వేసింది. అక్కడే లెక్క తప్పింది. పదిహేడేళ్లలోపు వాళ్లు పెద్దల తోడు లేకుండా చూడకూడని సినిమా అది. అందులోని జీవి మనిషి ఛాతీ చీల్చుకుని బయటికొస్తుంది. దాన్ని పద్దెనిమిది అంగుళాల బొమ్మగా చేసి, నోరు తెరిస్తే లోపల ఇంకో నోరు కనిపించేలా అమర్చి, పిల్లల దుకాణాల్లో పెట్టారు!

అమ్మానాన్నలు ఊరుకుంటారా? గగ్గోలు పెట్టారు. బొమ్మ అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. దాంతోపాటు అదే సినిమాకి తయారవుతున్న మూడుముప్పావు అంగుళాల బొమ్మలు నమూనాల దశలోనే అటకెక్కాయి.

ముప్ఫై నాలుగేళ్ల తర్వాత, 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన సూపర్ సెవెన్ సంస్థ వాటికి ప్రాణం పోసింది. కొత్త బొమ్మ కదా అని మెరుగులు దిద్దలేదు. మెడ, భుజాలు, తొడలు... కదిలేది ఆ ఐదు చోట్లే. వెనక అట్ట కూడా ఆ కాలం నాటిదే అనిపించేలా అచ్చేశారు. ‘రియాక్షన్’ పేరుతో వచ్చిన ఈ వరస తర్వాత ఫ్రాంకెన్‌స్టయిన్ భూతం, మమ్మీ, తోడేలు మనిషి, ఫ్రెడ్డీ క్రూగర్ వరకూ సాగింది. అంటే ఇవి పాత బొమ్మలు కావు, రావాల్సిన రోజున రాని బొమ్మలు! మన ‘పాతాళభైరవి’లోని నేపాళ మాంత్రికుడు ఇలా అట్టకి అంటుకుని గడ్డం నిమురుకుంటూ కనిపిస్తే కొనని నాన్న ఉంటాడా?

విప్పాలా... వద్దా?

సేకరించేవాళ్లని వేధించే ప్రశ్న ఇదొక్కటే. అట్ట మీది ప్లాస్టిక్ బుడగ చింపారా, విలువ పడిపోతుంది. చింపకపోతే ఆడుకునేదెప్పుడు? అందుకే కొందరు ఒకటి దాచుకోవడానికీ, ఒకటి విప్పుకోవడానికీ రెండేసి కొంటారు. ఇంట్లో ఇల్లాలికి మాత్రం ఒక్కటనే చెబుతారేమో!

దాచడం కూడా తేలిక కాదు. ఎండ తగిలితే బుడగ పసుపు రంగుకి తిరుగుతుంది. మెత్తటి ప్లాస్టిక్ వేడికి చెమట పట్టినట్టు జిగురుగా మారుతుంది. కౌతాళం, ఆదోని ఎండలకి రేకుల కప్పు కింద అటక మీద పెట్టారంటే వేసవి దాటేసరికి భూతమే నీరుగారిపోతుంది. నీడపట్టున, చల్లగా, పొడిగా ఉండే బీరువా అరే దానికి సరైన చోటు.

ఇక ఆ 1979 నాటి పెద్ద ఏలియన్ బొమ్మ సంగతి. అప్పట్లో వద్దన్నదే ఇప్పుడు సేకర్తల కళ్లలో బంగారం. అయితే దాని తలమీద బోర్లించిన పారదర్శకమైన డొప్ప ఒకటుంటుంది. తేలిగ్గా ఊడొచ్చేది. ఎందరో పిల్లలు దాన్ని అప్పుడే ఎక్కడో పారేసుకున్నారు. బొమ్మ దొరికినా డొప్ప దొరకదు. నెరిసిన జుట్టుతో కొందరు ఇప్పటికీ ఒక్క ఆ డొప్ప కోసమే వెతుకుతున్నారు.