కంప్యూటర్ తెలుగు అక్షరాన్ని ఎలా లెక్కిస్తుంది?

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• కంప్యూటర్ అక్షరాలను సంఖ్యలుగా ఎలా నిలవ చేస్తుందో వివరించగలుగుతారు.
• అక్షరం, సంకేతం, బైట్‌ల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• ఒక చిన్న సమస్యకు అల్గారిథమ్ రాయగలుగుతారు.

1. పరిచయం

'లక్ష్మి' అనే పేరులో అక్షరాలెన్ని? ల, క్ష్మి – రెండు అని మీరు వెంటనే చెబుతారు. పైథాన్ భాషలో ఆ పదం పొడవు అడిగితే 7 అని జవాబు వస్తుంది. దాన్ని యుటిఎఫ్-8 పద్ధతిలో ఫైలులో భద్రపరిస్తే 21 బైట్లు పడుతుంది. మూడు జవాబులూ సరైనవే. లెక్కించిన వస్తువులే వేరు.

2. అక్షరం నుంచి సంఖ్యకు

కంప్యూటర్ మెమరీలో ప్రతి స్థానం 0 గాని, 1 గాని అయి ఉంటుంది. ఆ స్థానాన్ని బిట్ అంటారు. ఎనిమిది బిట్లు ఒక బైట్. కాబట్టి అక్షరాన్ని నిలవ చేయాలంటే ముందుగా దానికొక సంఖ్య ఉండాలి. 1963లో వెలువడిన ఆస్కీ ప్రమాణంలో 128 సంకేతాలకే చోటుంది. ఇంగ్లీషుకు అది సరిపోయింది, తెలుగుకు చోటు దక్కలేదు. 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించింది. అందులో 'క' సంఖ్య 3093. ద్విసంఖ్యామానంలో ఇది 110000010101.

యూనికోడ్‌లో ఒత్తులకు విడి సంఖ్యలు లేవు. హల్లు, పొల్లు, మరో హల్లు వరుసగా వస్తే తెరమీద ఒత్తు కనిపిస్తుంది. అందువల్ల 'లక్ష్మి' అంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి – మొత్తం 7 సంకేతాలు. యుటిఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. 7 × 3 = 21.

3. ఈ తేడా ఎందుకు ముఖ్యం?

ఒక దరఖాస్తు ప్రోగ్రామ్‌లో పేరుకు 20 బైట్లే కేటాయించారనుకోండి. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటే కాబట్టి 20 అక్షరాల పేరు పడుతుంది. తెలుగులో 'లక్ష్మి' కూడా పట్టదు. చివరి గుడికి చెందిన మూడో బైట్ తెగిపోయి, 'లక్ష్మ' పక్కన అర్థంలేని గుర్తు కనిపిస్తుంది. యంత్రం చెప్పింది చెప్పినట్లే చేసింది. తన పేరు సరిగా అచ్చుకాని విద్యార్థికి మాత్రం ధ్రువపత్రం అక్కరకు రాదు. హద్దు పెట్టేముందు ఏమి లెక్కిస్తున్నారో నిర్ణయించుకోవలసింది ప్రోగ్రామ్ రాసే మీరే.

4. అక్షరాలు లెక్కించే అల్గారిథమ్

సోపానం 1: లెక్క = 0.
సోపానం 2: పదంలోని తరువాతి సంకేతాన్ని తీసుకోండి. ఏదీ మిగలకపోతే సోపానం 5కు వెళ్లండి.
సోపానం 3: అది పొల్లు, గుణింతపు గుర్తు, సున్న లేదా విసర్గ అయితే సోపానం 2కు వెళ్లండి.
సోపానం 4: దానికి ముందున్నది పొల్లు కాకపోతే లెక్కకు 1 కలపండి. సోపానం 2కు వెళ్లండి.
సోపానం 5: లెక్కను చూపండి.

'లక్ష్మి'తో సరిచూడండి. ల వద్ద లెక్క 1, క వద్ద 2. ష, మ లకు ముందు పొల్లు ఉంది కనుక అవి చేరవు. ఫలితం 2. పదం ఇన్‌పుట్, సోపానాలు ప్రక్రియ, 2 అవుట్‌పుట్.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'కంప్యూటర్' పదానికి సంకేతాలు, బైట్లు, అక్షరాలు ఎన్ని?
2. రెండు పదాల పేరు ఇస్తే మధ్యనున్న ఖాళీని కూడా ఈ అల్గారిథమ్ అక్షరంగా లెక్కిస్తుంది. ఏ సోపానాన్ని ఎలా మార్చాలి?

జవాబులు: 1. సంకేతాలు 9, బైట్లు 27, అక్షరాలు 4. 2. సోపానం 3లోని జాబితాలో ఖాళీని చేర్చాలి.