ఎఱ్ఱ ద్రాక్షాసవము: వన్నె మార్పు

ఫ్రాన్సు దేశమున బోర్డో ప్రాంతమునందు చేయు ఎఱ్ఱ ద్రాక్షాసవము, అనగా వైను, క్రొత్తదై యున్నపుడు ఊదాచాయ గల ఎఱుపుగా నుండును. ఏండ్లు గడచినకొలది మాణిక్యవర్ణము దాల్చి, పిదప ఇటుకవన్నెకు దిగును. ఎండకు బట్ట వెలిసినట్లు ఇదియు వెలియుటయే యని పలువురు తలంతురు. ఇందు జరుగునది వేఱని మనవి చేయుదును.

మొదట ఆ రంగు ఎచటిదో విచారింతము. ఎఱ్ఱద్రాక్షలలో పెక్కింటి గుజ్జునకు రంగు లేదు. రంగంతయు తొక్కలోనే యున్నది. తొక్కలతో కూడ పులియబెట్టినపుడు అది రసములోనికి దిగును. ఈ వర్ణద్రవ్యములకు ఆంథోసయనినులని పేరు. గ్రీకుభాషలో పూవు, నీలము అను మాటలను కూర్చి 1835లో మార్క్వార్టు అను జర్మను శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరే దీనికి మూలము.

ఇవి మిక్కిలి చంచలములు. మన మందారపు రేకులలోనివియు ఈ జాతివే. బడిలో నేను పిల్లలకు దీనిని చూపెడివాడను: రేకులు నానిన వేడినీట నిమ్మరసము పిండిన ఎఱ్ఱనగును, సున్నపుతేట చేర్చిన ఆకుపచ్చనగును. ఆసవము పులుపు గలది గనుక అందు ఎఱుపు కనబడును. అయినను అచ్చటగూడ ఈ అణువులలో హెచ్చుపాలు రంగులేని రూపముననే యుండును. విడిగా నున్నవి కొలది యేండ్లలో చాలవఱకు తఱిగిపోవును.

మఱి ఎఱుపు మిగులుట యెట్లు? తొక్కలనుండియు గింజలనుండియు టానిను అను వగరు ద్రవ్యము గూడ దిగును. మన కరక్కాయ వగరును ఈ కోవలోనిదే. ఆంథోసయనినులు టానినుతో కూడి పెద్ద అణువులగును. పీపాలోనికి సన్నగా చొచ్చు ఆమ్లజని ఆల్కహాలులో రవంత భాగమును అసిటాల్డిహైడుగా మార్చును. అది ఆ రెంటికి వంతెనయై నిలుచును. ఇట్లు కూడిన రంగు పులుపు హెచ్చుతగ్గులకును, ఆసవము చెడకుండ వాడు గంధకధూమమునకును అంతగా లొంగదు. 1971లో ఆస్ట్రేలియాయందు సోమర్సు అను పరిశోధకుడు పాత ఆసవపు రంగు ముఖ్యముగా ఈ కూడిన అణువులదేయని చూపెను. వేఱొక విధమున మాఱిన మఱికొన్ని నారింజచాయ నిచ్చును. మితిమీరి పెరిగినవి అడుగున మడ్డిగా దిగును.

ఇక గాలి మాట. ఆమ్లజని కొద్దికొద్దిగా సోకుటచేతనే ఆసవము పక్వమగునని 1866లో తన గ్రంథమున పాస్తూరు నిరూపింప బూనెను. అదే గాలి హెచ్చైనచో రంగు గోధుమవన్నెకు తిరిగి రుచియు చెడును. నిలుపునదియు చెఱచునదియు నొకటే, పాళమే భేదము.

కావున పాత ఆసవపు టెఱుపు తొలి రంగులో మిగిలిన శేషము గాదు. ఒంటరిగా నిలువలేని ద్రవ్యము వగరుతో పొత్తు గూడి పొందిన రెండవ రంగది.