ఎండలకు తాళలేని ఇంటి సముద్రం
రెండు మూడు డిగ్రీలు పెరిగితే ప్రాణగండమే

యాప్రాల్: మే నెల వచ్చిందంటే మనుషులే నీడపట్టున చేరి విసనకర్రలు వెతుక్కుంటారు. అలాంటప్పుడు ఇంట్లో ఓ మూలన సముద్రాన్ని పెట్టుకుని దాన్ని చల్లగా కాపాడాలంటే మాటలు కాదు. సముద్రతీరానికి 250 కిలోమీటర్లకు పైగా దూరాన, రాతినేల మీద వెలసిన యాప్రాల్ లాంటి సికింద్రాబాద్ శివారు కాలనీలలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవాలనే వారికి వేసవి నాలుగు నెలలూ పరీక్షా కాలమే.

గోల్డ్ ఫిష్ తిరిగే మంచినీటి తొట్టి సంగతి వేరు. ఉప్పునీటి తొట్టిలో నారింజ రంగు ఒంటిపై తెల్లచారలుండే క్లౌన్ చేపలు, పువ్వులా విచ్చుకునే సముద్రపు ఎనిమోన్లు, మెత్తని పగడాలు ఉంటాయి. వీటి కోసం సముద్రం నుంచి నీరు మోసుకు రానవసరం లేదు. శుద్ధి చేసిన నీటిలో ప్రత్యేకమైన ఉప్పు మిశ్రమాన్ని లీటరుకు సుమారు 35 గ్రాముల వంతున కలిపితే సరిపోతుంది. ఆ నీటి వేడి మాత్రం 24 నుంచి 27 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య నిలకడగా ఉండాలి. ఇక్కడే వస్తుంది చిక్కు. హైదరాబాద్‌లో 1966 జూన్ 2న 45.5 డిగ్రీల ఎండ కాసింది. అంత కాయకపోయినా, మే మధ్యాహ్నం మేడమీది గదిలో ఉంచిన నీరు 30 డిగ్రీలు దాటడానికి ఎంతో సేపు పట్టదు.

తెల్లబోయే పగడం

పగడం చూడటానికి రాయిలా, చెట్టులా ఉన్నా అది జంతువే. దాని కణాలలో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఎండ వెలుగుతో ఆ నాచు వండిన ఆహారంలో ఎక్కువ భాగం పగడానికే దక్కుతుంది. పగడానికి రంగు వచ్చేది కూడా చాలావరకు ఆ నాచు వల్లనే. నీరు అలవాటైన దానికంటే ఎక్కువ వేడెక్కి కొద్ది వారాలు అలాగే ఉంటే, పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. రంగు పోయి తెల్లబోతుంది. అప్పటికి అది చచ్చినట్టు కాదు, పస్తులున్నట్టు. త్వరగా చల్లబడితే కోలుకోవచ్చు, లేకుంటే లేదు. ఎనిమోన్లదీ ఇదే కథ.

చేపలకు మరో ఇబ్బంది ఉంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద లీటరు ఉప్పునీటిలో 6.7 మిల్లీగ్రాముల వరకు ఇమిడే ప్రాణవాయువు, 30 డిగ్రీల వద్ద 6.2కు పడిపోతుంది. వేడికి చేప శ్వాస వేగం పెరిగి గాలి ఎక్కువ కావలసి వచ్చేది కూడా అప్పుడే.

రంజన్ కిటుకే

నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం బజారులో దొరుకుతుంది. అయితే ధర ఎక్కువ, కరెంటు ఖర్చూ ఎక్కువే. పైగా తొట్టిలోంచి లాగిన వేడిని గదిలోకే వదులుతుంది కనుక కిటికీలు మూసిన గదిలో పెడితే గది ఉడికిపోతుంది. దానికంటే ముందు ప్రయత్నించవలసింది మన అమ్మమ్మలకు తెలిసిన ఉపాయమే. రంజన్ ఒంటి మీది చెమ్మ ఆరుతున్నప్పుడు లోపలి నీరు చల్లబడుతుంది. తొట్టికి పైమూత తీసి, నీటి మీదుగా ఏటవాలుగా చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా చేస్తే జరిగేది అదే.

లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే 200 లీటర్ల తొట్టిని సుమారు 3 డిగ్రీలు చల్లార్చేటంత వేడిని వెంట తీసుకుపోతుంది. బయటి వేడి తిరిగి చేరుతూనే ఉంటుంది కనుక ఫ్యాన్ ఆగకుండా తిరగాలి.

ఈ విషయంలో యాప్రాల్ వారికి విశాఖ వారికంటే మేలే. 40 డిగ్రీల ఎండ ఉండి గాలిలో తేమ 20 శాతమే ఉంటే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 23 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఆవిరి ద్వారా చల్లబడే నీటికి అదే చివరి హద్దు. సముద్రపు ఒడ్డున 34 డిగ్రీలే ఉన్నా తేమ 75 శాతం ఉంటే ఆ హద్దు 30 డిగ్రీలు. అక్కడ ఫ్యాన్ పెట్టినా ఫలితం అంతంత మాత్రమే. మన కూలర్లు ఇక్కడ పనిచేసి కోస్తాలో ఉక్కపోత పెంచేదీ ఇందుకే.

మూత తీసిన తొట్టికి సన్నని వల తప్పనిసరి. లేకుంటే చేపలు ఎగిరి కిందపడతాయి. ఫ్యాన్ నీళ్లలో పడకుండా గట్టిగా బిగించాలి. 12 వోల్టుల చిన్న ఫ్యాన్ అయితే షాక్ భయం తక్కువ.

పోయవలసింది మంచినీరే

ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కొత్తవారు ఇక్కడే పొరబడుతుంటారు. రోజుకు 4 లీటర్ల చొప్పున అయిదు రోజులు తగ్గితే, 200 లీటర్ల తొట్టిలో లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు 39కి చేరువవుతుంది. తగ్గిన మేరకు ఉప్పు కలపని శుద్ధి నీటినే, ఏ రోజుకారోజు, కొద్దికొద్దిగా పోయాలి. బోరు నీరు నేరుగా పోయరాదు. దానిలోని లవణాలు పేరుకుపోతాయి. మండువేసవిలో నీరు కొనుక్కునే ఇళ్లలో ఈ నాలుగు లీటర్లు కూడా ముందే లెక్కలో పెట్టుకోవాలి.

దీపాల వేళలు మార్చడం పైసా ఖర్చు లేని మరో పద్ధతి. తొట్టి మీది దీపాలూ వేడి పుట్టిస్తాయి. వాటిని పగలు ఆర్పి, సాయంత్రం ఆరు తర్వాత వెలిగించి అర్ధరాత్రి దాకా ఉంచితే, పగటి ఎండకు దీపాల వేడి తోడు కాదు. తొట్టిని పడమటి గోడకు ఆనించకుండా ఉంటే మరీ మంచిది.

కరెంటు పోతే

ఫ్యాన్, మోటారు రెండూ ఆగితే అసలు ప్రమాదం. నీరు కదలక ప్రాణవాయువు అందదు. వేడి కంటే ముందు ఊపిరాడకే చేపలు చస్తాయి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఇంట్లో ఉంచుకోవాలి. ఇన్వర్టర్ ఉంటే ముందుగా మోటారునే దానికి కలపాలి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన రెండు లీటర్ల నీటి సీసాను మూత బిగించి తొట్టిలో తేలనిస్తే 200 లీటర్ల నీరు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. మంచుగడ్డలు నేరుగా వేయరాదు. ఒక్కసారిగా నాలుగయిదు డిగ్రీలు దించడమూ వేడంత ప్రమాదమే.

కొనే ముందు చట్టం

గట్టి పగడాలన్నీ, నల్లపగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అంటే పులితో సమానమైన రక్షణ. మన సముద్రంలోంచి వీటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. దుకాణంలో కాగితాలు అడగకుండా కొన్నవారు చిక్కుల్లో పడతారు. క్లౌన్ చేపలను మాత్రం కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లలు చేయించింది. సముద్రంలో పట్టినవాటి కంటే ఇలా పుట్టి పెరిగినవే తొట్టిలో తేలికగా ఇముడుతాయి.

సముద్రంలోని పగడాలకూ ఇదే కష్టం. 1998, 2010, 2016 సంవత్సరాలలో మన దేశపు పగడపు దిబ్బలు తెల్లబడ్డాయి. 2024 వేసవిలో లక్షద్వీప్‌లో మళ్లీ అదే జరిగింది. లక్షద్వీప్, అండమాన్, మన్నార్, కచ్ ప్రాంతాల దిబ్బల దగ్గర నీరు ఎంత వేడెక్కిందీ, ఎన్ని వారాలుగా అలా ఉందీ ఉపగ్రహాల ద్వారా లెక్కగట్టి హెచ్చరించే కేంద్రం కూడా మన నగరంలోనే ఉంది. అది ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్.

అక్కడ శాస్త్రవేత్తలు చేస్తున్న పనినే తొట్టి యజమాని ఇంట్లో చేయాలి. థర్మామీటరు ఒకటి తొట్టిలో ఉంచి, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి నోటు పుస్తకంలో రాసుకోవాలి. అంకె 28కి చేరిన రోజున ఫ్యాన్ వేయాలి గానీ పగడం తెల్లబడే దాకా ఆగరాదు. జూన్‌లో తొలకరి పడగానే గాలిలో తేమ పెరిగి ఫ్యాన్ ప్రభావం తగ్గుతుంది. వాతావరణం ఎలాగూ చల్లబడుతుంది కనుక అప్పటికి గండం గడిచినట్టే.