కెమెరా వెనుకున్న చిన్న తెరను నమ్మితె ఫోకస్ ఆగమైతది

తొంభైకి దగ్గరవడ్డ అవ్వ మాట్లాడుతున్నది. పటేల్, పట్వారీల కాలం, ఊరి మీద పోలీసులు వడ్డ రాత్రి, ఎడ్లకొట్టంల దాక్కున్న ముచ్చట. వింటుంటె పానం ఝల్లుమంటది. సౌండు సాఫుగున్నది. కానీ అవ్వ మొకం మాత్రం మసకమసక. ఆమె వెనుక గోడకున్న క్యాలెండర్ తారీఖులు మంచిగ చదవొస్తున్నయి. మన ఊర్ల తమ్ముళ్లు, చెల్లెండ్లు తీసిపెట్టే వీడియోలల్ల ఇసొంటియి ఎన్నో కనవడ్తయి. తీసేటప్పుడు వాళ్లకు కెమెరా తెర మీద అది మంచిగనే కనవడ్డది. అసలు పంచాది అక్కడనే ఉన్నది.

1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటాన్ని పదేండ్ల వయసుల చూసిన పిల్ల ఇయ్యాల తొంభైకి వస్తున్నది. ఆమెతోని రెండోసారి కూసుండి మాట్లాడిపిచ్చుకునే టైము మనకు ఉంటదో ఉండదో. వీడియోల రంగు తేడావడితె కొంత సరిజేయొచ్చు, చీకటుంటె కొంత వెలుగు పెంచొచ్చు. ఫోకస్ పోయిందంటె మాత్రం పోయినట్టే. ఇప్పుడు ఏఐ సాఫ్ట్‌వేర్లు మసక మొకాన్ని సాఫు జేస్తయంటరు. చేస్తయి, కాదంట లేను. కానీ అది ఉన్నదాన్ని బయటికి తీసుడు కాదు, లేనిదాన్ని ఊహించి గీసుడు. అవ్వ కండ్ల కింది ముడుతలు మిషిన్ గీసినయైతె, రేపు దాన్ని సాక్ష్యం అని ఎవలకు జూపెడ్తం?

ఇగ లెక్కలకు వద్దాం. కెమెరా డబ్బా మీద తెర గురించి 10 లక్షల 40 వేల డాట్లు అని రాసుంటది. పెద్ద అంకె లెక్కనే కొడ్తది. అయితె ఒక్కో చుక్కకు ఎరుపు, పచ్చ, నీలం అని మూడు డాట్లు లెక్కవెడ్తరు. అంటె అసలు చుక్కలు 720 అడ్డం, 480 నిలువు, మొత్తం 3 లక్షల 45 వేల చిల్లర. కెమెరా తీసే ఫోటో 24 మెగాపిక్సెల్, అంటె 2 కోట్ల 40 లక్షల చుక్కలు. ఫోటోల ఉన్న 69 చుక్కలను తెర మీద ఒక్క చుక్కల కుక్కుతున్నరు. 69 మందిని ఒక్క ఆటోల ఎక్కిచ్చినంక ఎవలి మొకం ఎట్లుందో ఏం ఎరుకైతది? కొద్దిగ మసకున్న బొమ్మ గూడ అట్ల కుదిచ్చినంక గీత గీసినట్టు సాఫుగ కనవడ్తది.

పాత కాలపోళ్లకు ఈ సంగతి మనకంటె మంచిగ ఎరుక. ఆరో నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలంల గాజు పలకల మీద ఫోటోలు తీసేది. కెమెరా వెనుక ఒక గరుకు అద్దం ఉండేది. దాని మీద బొమ్మ తలకిందులుగ వడేది. ఫోటోగ్రాఫరు నల్లబట్ట కప్పుకునేది వేషం కోసం కాదు, బయటి వెలుగును ఆపి ఆ అద్దం మీది బొమ్మను చూసెటందుకు. ఫోటో ఎంత సైజు పలక మీద వడ్తదో అంత సైజులనే చూసి, ఇంకా అనుమానముంటె భూతద్దం పెట్టి ఫోకస్ కలిపేది. మనం మాత్రం అగ్గిపెట్టెంత తెరను ఎండల చేయి అడ్డంపెట్టి చూసి, అయిపోయింది పో అంటున్నం.

బయటి మానిటర్ అంటె ఆ గరుకు అద్దమే మళ్ల వచ్చినట్టు. కెమెరా హెచ్‌డీఎంఐ రంధ్రంల వైరు పెట్టి 5 ఇంచులదో, 7 ఇంచులదో తెర తగిలిస్తె బొమ్మ పెద్దగ కనవడ్తది. మంచియి 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలతోని వస్తయి. డబ్బా మీద 4కే అని పెద్ద అక్షరాలతోని రాసుంటె పరేషాన్ గాకుండ్రి. చానామట్టుకు దాని అర్థం 4కే సిగ్నల్ తీసుకుంటది అని, తెరల అన్ని చుక్కలున్నయని కాదు. అమ్మేటోడు ఇది చెప్పడు, మనమే అడగాలె.

ఒక్క సంగతి జెర పైలంగ పట్టుకోవాలె, చానామంది తప్పేది ఈడనే. బొమ్మను పెద్దగ జేసే బటన్ మానిటర్‌కూ ఉంటది, కెమెరాకూ ఉంటది. రెండు ఒక్కటి కాదు. మానిటర్ బటన్ నొక్కితె, అప్పటికే కుదిచ్చి పంపిన బొమ్మనే సాగదీసి చూపెడ్తది. కెమెరా బటన్ నొక్కితె సెన్సర్ మీద ఆ జాగల ఉన్న అసలు చుక్కలనే తీసుకొచ్చి మానిటర్ మీద పెడ్తది. ఫోకస్ తేల్చుకోవాల్నంటె కెమెరాదే వాడాలె, 5 రెట్లో 10 రెట్లో పెద్దగ జేసి. చాలా కెమెరాలల్ల రికార్డింగ్ మొదలైనంక ఇది పని చేయదు. అందుకే ఎర్ర బటన్ నొక్కకముందే చూసుకోవాలె.

ఫోకస్ ఉన్నకాడ అంచులకు ఎర్ర రంగు పూసి చూపెట్టే పీకింగ్ అనేటిది ఒకటున్నది. పనికొస్తది, కానీ అది చూసేది నలుపు తెలుపు తేడాను. తెల్ల చీర నల్ల అంచు ఎంబడే ఎర్రగైతది, అవ్వ చెంప కాదు. దాన్ని తక్కువల పెట్టుకొని, దారి చూపెట్టనీకే వాడుకోవాలె. తీర్పు మాత్రం పెద్దగ జేసి చూసినంకనే.

మానిటర్ కొనేటందుకు పైసల్లేవు అంటరా? ఇంట్ల టీవీకి హెచ్‌డీఎంఐ ఉంటె అదే మానిటర్. కెమెరా దిక్కు సన్న పిన్ను, టీవీ దిక్కు పెద్ద పిన్ను ఉన్న వైరు ఒక్కటి చాలు. టీవీ సెట్టింగులల్ల షార్ప్‌నెస్ మాత్రం మొత్తం తగ్గియ్యాలె, లేకుంటె అది లేని అంచులు తెచ్చిపెట్టి మసకను గూడ సాఫు అని మోసం జేస్తది. గేమ్ మోడ్ ఉంటె అది పెడితె బొమ్మ లేటుగ రాదు. లాప్‌టాప్ ఉన్నోళ్లకు కెనాన్‌కు ఈఓఎస్ యుటిలిటీ, నికాన్‌కు ఎన్‌ఎక్స్ టెథర్, సోనీకి ఇమేజింగ్ ఎడ్జ్ డెస్క్‌టాప్ అని కంపెనీలే ఫుకట్‌ల ఇస్తున్నయి. మీ మోడల్‌కు నడుస్తదో లేదో చూసుకోని యూఎస్‌బీ వైరు పెట్టుడే. వైఫైతోని ఫోన్ మీద చూసుకునుడు ఫ్రేము కుదుర్చుకునేటందుకే పెట్టుకోండ్రి. ఆ బొమ్మ పిండి పిండి వస్తది, లేటుగ వస్తది. ఫోకస్‌కు దాన్ని నమ్మొద్దు.

అవ్వ మాటలు రికార్డు జేసేటప్పుడు ఇంకో లెక్క ఉన్నది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 85 ఎంఎం లెన్స్ పెట్టి, ఎఫ్ 1.8 మీద, 2 మీటర్ల దూరంకెల్లి తీస్తె ఫోకస్‌ల ఉండే మందం 6 సెంటీమీటర్లే. మూడు నాలుగు వేళ్లంత. అవ్వ పాత బాధ యాదికొచ్చి జెర ముందుకు వంగిందంటె అయిపాయె. ఎఫ్ 4 పెడితె 13 సెంటీమీటర్ల దాకా వస్తది. వెనుక మసకగుంటె సినిమా లెక్క కొడ్తదని అందరికి ఎఫ్ 1.8 పిచ్చి. అవ్వ మొకంకంటె ఆ మసక ముఖ్యమా? దగ్గరున్న కన్ను మీద ఫోకస్ పెట్టాలె. సినిమా షూటింగులల్ల ఫోకస్ పుల్లర్ అని ఫోకస్ కోసమే ఒక మనిషి ఉంటడు. మీ దోస్తును ఒకల్ని మానిటర్ ముంగట కూసోబెట్టుండ్రి, పనల్ల ఒక్కటే, కన్ను చూస్తనే ఉండుడు. ఆ తెర అవ్వకు కనవడొద్దు. తన మొకం తనకు కనవడితె ముచ్చట మరిచి కొంగు సర్దుకుంటది.

కాయితాలు, బొమ్మలు కాపీ చేసేటప్పుడైతె టీవీని మించింది లేదు. ట్రంకుపెట్టెల ఉన్న 1954–55 ఖాస్రా పహాణీ నకలు తీసుకోండ్రి. సర్వే నంబర్ల 3 ఏదో 8 ఏదో తెల్వకుంటె ఆ ఫోటో తీసి ఏం లాభం? చేర్యాల నకాషీ పటమైనా అంతే, సన్న గీతలే దాని పానం. కెమెరా స్టాండు మీద పెట్టి, కాయితం నడుమ చిన్న అద్దం బోర్లకుంట పరుసుండ్రి. అద్దంల మీ లెన్స్ నీడ ఫ్రేముకు సరిగ్గ నడుమ కనవడితె కెమెరా వంకర లేనట్టు. అద్దం తీసి, ఎఫ్ 8 పెట్టి, టీవీ మీద నడుమనూ నాలుగు మూలలనూ 10 రెట్లు పెద్దగ జేసి చూడుండ్రి. చేతితోని నొక్కకుండ 2 సెకండ్ల టైమర్ పెడితె కదలదు.

బయట ఎండల తీసేటోళ్లకు నల్లబట్టనో గొడుగో కావాలె, చవక మానిటర్లు ఎండకు కనవడయి. మైక్రో హెచ్‌డీఎంఐ పిన్ను బహు నాజూకు, వైరును స్టాండుకు కట్టెయ్యకుంటె ఎవలో ఒకలు కాలు తట్టి కెమెరా రంధ్రమే ఊడొస్తది. అసలు ముచ్చట మొదలువెట్టకముందు పది సెకండ్లు ఉత్తగ తీసి, దాన్నే టీవీల ఆడిచ్చి, కంటిరెప్పల కాడ ఆపి దగ్గరికి పోయి చూడుండ్రి. తేడా ఉంటె అవ్వ చాయ తాగుతుండంగనే సరిజేసుకోవచ్చు.