పిట్టకి దూరం, అప్పుకి దూరం: ఏ లెన్సు కొనాలి?

సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ కొన్న కుర్రాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, పిట్టలకి 55-250 ఎస్‌టీఎం చాలుద్దా, అప్పు చేసైనా టామ్రాన్ 150-600 జీ2 కొనమంటావా?"

మొదటిది 375 గ్రాములు. భుజాన ఉన్నట్టే తెలీదు. రెండోది రెండు కేజీలు, కోరంగి మడ అడవుల్లో గంట తిరిగితే చెయ్యి లాగేద్ది.

ఇక అసలు లెక్క. 250 దగ్గర 25 మీటర్ల నుంచి పిట్ట ఎంత పడుద్దో, 600 దగ్గర 60 మీటర్ల నుంచీ అంతే పడుద్ది. ఈ 35 మీటర్లూ పిట్టకి ప్రాణం. కొల్లేరు ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టే రోజుల్లో చిన్న లెన్సోడు "ఇంకొంచెం దగ్గరకి పోనీ" అని పడవాయన్ని పోరతాడు. తల్లి లేచిపోద్ది. గుడ్లు ఎండపాలు, కాకులపాలు. అలా తీసిన ఫొటోకి లైకులు ఎన్నొస్తే ఏం లాభం?

అలాగని పెద్దదానికి తిప్పలు లేవా? 600 దగ్గర అది ఎఫ్/6.3. తెల్లారగట్ట వెలుగు చాలదు. ఎగిరే పిట్టకి 1/2000 స్పీడు పెడితే ఐఎస్‌ఓ పెరిగిపోయి ఫొటో ఇసక చల్లినట్టుంటది. ఎండెక్కాక నీళ్ల మీద సెగకి దూరపు బొమ్మ వణుకుద్ది, దానికి ఏ లెన్సూ మందు కాదు.

నన్నడిగితే రెండ్రూపాయల వడ్డీకి తెచ్చి పెద్దది కొనొద్దు. చిన్నది సెకండ్ హ్యాండ్‌లో చూసుకోండి. చేలగట్ల మీద కొంగలు, కాలవ మీద లకుముకి పిట్టలు మనుషులకి అలవాటు పడ్డవే. పిట్ట చిన్నగా పడితే పడనీ, వెనకాల చేనూ వస్తది. గూళ్ల సీజన్‌కి పెద్దది రెండ్రోజులు అద్దెకి తెచ్చుకోండి. తీసుకునే ముందు అక్కడే గ్లాసు మీద గీతలు, ఆటోఫోకస్ చూసుకోవాలి, లేదంటే అడ్వాన్సు తిరిగి రాదు.