పెట్టె భద్రం... లెన్సు ఛిద్రం!

గండికోట చూడ్డానికి రైల్లో వచ్చేవాళ్లు ముద్దనూరులో దిగుతారు. పెన్నా లోయ అందాలను పట్టుకోవడానికి మంచి లెన్సు ఉండాలని ఆ చుట్టుపక్కల కెమెరా పట్టిన ప్రతి కుర్రాడికీ ఆశే. కానీ ప్రొద్దుటూరులో బంగారం దొరికినంత తేలిగ్గా ఖరీదైన లెన్సు దొరకదు. అందుకే నెట్‌లో సెకండ్‌హ్యాండ్‌ది బేరమాడతారు.

ముద్దనూరులో పెళ్లిళ్లకు ఫొటోలు తీసే ఓ కుర్రాడు అలాగే హైదరాబాద్ ఆసామి దగ్గర 40 వేలకు లెన్సు కొన్నాడనుకుందాం. డబ్బు ఫోన్లోంచి వెళ్లిపోయింది. నాలుగు రోజులకు కొరియర్ వచ్చింది. పెట్టెమీద చిన్న గీత కూడా లేదు. తీరా విప్పితే... ముందు అంచు నొక్కుకుపోయింది, ఫోకస్ రింగ్ సగంలో పట్టేస్తోంది. ఎల్లుండే పెళ్లి! 'నేను బాగున్నదే పంపాను' అంటాడు అమ్మినాయన. 'సంతకం పెట్టి తీసుకున్నారుగా' అంటారు కొరియర్ వాళ్లు.

మరి నష్టం ఎవరిది?

అమ్మినవాడిదేనని చాలామంది అనుకుంటారు. చట్టం అంత సూటిగా చెప్పదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, సరుకును రవాణా సంస్థ చేతిలో పెట్టడమంటే మామూలుగా కొన్నవాడికి ఇచ్చేసినట్లే లెక్క. అయితే అదే చట్టం 39వ సెక్షన్‌లో ఓ మెలిక ఉంది. సరుకు ఎలాంటిదో చూసుకుని, దానికి తగ్గట్టు రవాణా ఏర్పాటు చేయాల్సింది అమ్మినవాడే. అద్దాల వస్తువుకు విలువ రాయకుండా, బీమా లేకుండా పంపేస్తే, 'అది నాకు ముట్టినట్టు కాదు' అని కొన్నవాడు వాదించవచ్చు. ఈ తలనొప్పంతా ఎందుకు? 'చేతికి అందేదాకా బాధ్యత నాదే' అని డబ్బు పంపకముందే అమ్మేవాడి చేత ఒక్క మెసేజ్ పెట్టించుకుంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

వ్యాపారి దగ్గర కొంటే కథ వేరు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనంటే కుదరదు. ఎప్పుడో ఒకసారి సొంత వస్తువు అమ్ముకునేవాళ్లకు మాత్రం ఆ నిబంధనలు వర్తించవు. వ్యాపారి ఎక్కడివాడైనా ఫిర్యాదు మన జిల్లాలోనే, అంటే కడప వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. 5 లక్షల దాకా ఫీజు లేదు. అంతకన్నా ముందు 1915కు ఫోన్ చేసి చూడొచ్చు. పెళ్లి ఫొటోలతో పొట్టపోసుకునేవాడిని 'నువ్వు వ్యాపారివి' అని తోసిపుచ్చడానికీ లేదు. స్వయం ఉపాధికి చట్టంలో మినహాయింపు ఉంది.

కొరియర్ రసీదు వెనక చీమల్లాంటి అక్షరాలను ఎవరూ చదవరు. చదవాలి! జర్మనీకి పంపిన పత్రాలు చేరక లక్షల్లో నష్టపోయామన్న ఓ సంస్థకు 1996లో సుప్రీంకోర్టులో దక్కింది 100 డాలర్లే. సంతకం పెట్టిన కాగితంలో ఆ పరిమితి రాసి ఉండటమే కారణం.

పెట్టె బాగున్నా లోపలిది ఎందుకు పాడవుతుంది? కిందపడ్డప్పుడు అట్టపెట్టె మళ్లీ మామూలుగానే కనిపిస్తుంది, లోపల ఖాళీ ఉంటే లెన్సు మాత్రం వెళ్లి గోడకు గుద్దుకుంటుంది. పాలిష్ చేసిన కడప బండను లారీలో ఎలా నిలబెట్టి పేర్చాలో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. లెన్సుకూ అంతే జాగ్రత్త కావాలి. రెండువైపులా మూతలు, చుట్టూ బబుల్ కవరు, పెట్టెలో పెట్టె... ఊపితే కదలకూడదు.

కొన్నవాళ్లు పెట్టె విప్పేటప్పుడే వీడియో తీయాలి. అట్టముక్క కూడా పారేయకూడదు. అదేరోజు ఫొటోలతో అమ్మినవాడికీ కొరియర్‌కూ రాయాలి. బయటికి దెబ్బ కనిపించకపోతే దినపత్రికను గోడకు చదునుగా అంటించి, కెమెరాను దానికి తిన్నగా నిలబెట్టి, లెన్సును పూర్తిగా తెరిచి ఫొటో తీయండి. మూడు మూలల్లో అక్షరాలు స్పష్టంగా ఉండి, నాలుగో మూల అలుక్కుపోతే లోపలి అద్దం పక్కకు జరిగిందేమోనని అనుమానించాలి. ఊపితే కాస్త గలగలమందని మాత్రం కంగారుపడొద్దు. వణుకును అదుపుచేసే ఏర్పాటున్న కొన్ని లెన్సుల్లో ఆ చప్పుడు మామూలే.

రిపేరుకు తొందరపడకూడదు. ముందు సర్వీస్ సెంటర్ నుంచి ఖర్చెంతో, ఏం పోయిందో రాతపూర్వకంగా తీసుకోవాలి. ఒకసారి విప్పించాక దెబ్బ ఎప్పటిదో తేల్చడం కష్టం. ఆ కాగితం చేతిలో ఉంటే ఇద్దరు వ్యక్తుల మధ్య బేరంలో ఖర్చు చెరిసగం వేసుకుందామనీ అడగొచ్చు. ఈలోగా ఎల్లుండి పెళ్లికి మాత్రం, జమ్మలమడుగులోనో పులివెందులలోనో తెలిసిన ఫొటోగ్రాఫర్ దగ్గర లెన్సు అద్దెకు తెచ్చుకోవాల్సిందే!