నిరుపయోగ వృక్షము

అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్య తీరమున, వాషింగ్టన్, ఓరెగాన్ రాష్ట్రముల ప్రాచీనారణ్యములలో, మింటి నంటు డగ్లస్ ఫర్, హెమ్‌లాక్ మహావృక్షముల నీడన, వెలుగునకు అంతగా నోచుకొనక, వంకరలు తిరిగిన కొమ్మలతో, ఊదాచాయ గల పలుచని బెరడుతో, నూఱేండ్లు గడచినను మనిషి కౌగిటికి నిండని చిన్న చెట్టొకటి పెరుగును. దానిని పసిఫిక్ యూ అందురు. అచ్చటి ఆదిమజాతులవారు దాని గట్టి కొయ్యతో విండ్లును తెడ్లును చేసికొనిరి. చలికాలమున దుప్పులు దాని ఆకు మేయును. ఎఱ్ఱని గుజ్జు నాశించి వచ్చిన పక్షులు దాని గింజలను దూరదూరములకు చేర్చును. కాని కలప వర్తకులకు మాత్రము అది పనికిరాని చెట్టు. విలువగల మ్రాకులను కూల్చి, దుంగలను లారీల కెక్కించి పంపిన పిమ్మట, మిగిలిన కొమ్మలతోను తుక్కుతోను కలిపి యూ చెట్టును గూడ కుప్పవోసి నిప్పంటించుట వారికి ఆచారముగా నుండెను. ఏ అడవిలో నది ఎన్ని మొదళ్ళున్నదో లెక్క వ్రాసికొనవలెనన్న తలంపు అటవీశాఖకును చిరకాలము కలుగలేదు. అమ్ముడుపోని సరకునకు ఖాతా తెఱచువా రెవరు?

1960లో ఆ దేశపు జాతీయ క్యాన్సర్ సంస్థ, వ్యవసాయశాఖతో కూడి, క్యాన్సరును అణచు పదార్థములు వృక్షజాతులలో నేమైన నున్నవేమో యని ఒక మహాన్వేషణము నారంభించెను. ఆ పద్ధతిలో చమత్కార మేమియు లేదు. కనబడిన చెట్టునెల్ల కొంచెము కొంచెము కోసి, ఎండించి, సంచులలో కట్టి, ప్రయోగశాలకు పంపుట, అచ్చట దాని సారమును క్యాన్సరు కణములపై పోసి చూచుట, అంతియే. 1962 ఆగస్టు మాసమున ఆర్థర్ బార్‌క్లే అను వృక్షశాస్త్రజ్ఞుడు వాషింగ్టన్ రాష్ట్రమందలి గిఫర్డ్ పించో జాతీయారణ్యమున యూ చెట్టు బెరడును ఇట్లే సేకరించి పంపెను. ఆ అడవికి పేరిచ్చిన పించో అమెరికా అటవీశాఖకు తొలి అధిపతి. అడవి యన్నది వివేకముతో వినియోగించుకొనుటకే యని దృఢముగా నమ్మినవాడు. ఆ నమ్మకమునకు వారసులైనవారే ఈ చెట్టును వినియోగమునకు వెలుపల నుంచిరి. ఇరువది యేండ్లలో ముప్పది వేలకు పైగా వృక్షజాతులను పరీక్షించిన పిమ్మట, శ్రమకు తగిన ఫలము లేదని ఆ అన్వేషణమును మూసివేసిరి. కాని బార్‌క్లే సంచి అప్పటికే తన పని తాను చేయుచుండెను.

ఉత్తర కరోలినాలోని పరిశోధన సంస్థలో మన్రో వాల్, మన్సుఖ్ వాణి యను ఇరువురు రసాయనశాస్త్రవేత్తలు ఆ బెరడునుండి క్రియాశీల పదార్థమును వేఱుచేసి, ట్యాక్సాల్ అని నామకరణ మొనర్చి, 1971లో దాని అణునిర్మాణమును లోకమునకు తెలిపిరి. వీరిలో వాణి మహారాష్ట్రమందలి నందుర్బార్‌లో జన్మించి, బొంబాయిలో చదివి, సముద్రములు దాటి వెళ్ళినవాడు. ఇంత చేసియు వీరి పరిశ్రమను చాలకాల మెవ్వరును పట్టించుకొనలేదు. పదార్థము దొరకుట దుర్లభము, నీటిలో కరగదు, పైగా ఎట్లు పనిచేయునో తెలియదు. ఈ కడపటి చిక్కును 1979లో న్యూయార్క్ నగరమున సూసన్ హార్విట్జ్ విప్పెను. కణము రెండుగా చీలుటకు ముందు తనలోపల సన్నని నాళికలతో నొక కట్టడమును నిర్మించుకొని, వంశసూత్రములను ఇరుప్రక్కలకు పంచి, పని ముగిసినంతనే దానిని విప్పివేయును. మన పెరళ్ళలో పూచు బిళ్ళగన్నేరునుండి లభించిన మందులు ఆ నాళికలను కూడనీయవు. అది అదివఱకే తెలిసిన విద్య. ట్యాక్సాల్ చేయుపని దీనికి సరిగ తలక్రిందులు: కట్టిన దానిని విప్పనీయదు. పెండ్లి యైపోయినను తీయరాని పందిరివలె ఆ నాళికలు బిగిసికొనిపోగా, కణము చీలలేక నశించును. ఇట్టి మార్గమున పనిచేయు మందు అంతకు ముందు ఒక్కటియు లేదు. ఈ వార్త వెలువడిన తరువాతనే వైద్యులు దానివంక తలయెత్తి చూచిరి.

1989లో అండాశయ క్యాన్సరుతో బాధపడుచు తక్కిన మందులన్నియు విఫలమైన స్త్రీలలో, మువ్వురి కొక్కరికి కొంచెము తక్కువగా, ఈ మందు గుణమిచ్చినట్లు తేలెను. ఆ క్షణమునుండియే అడవికి కష్టకాలము ప్రారంభమాయెను. లెక్క చూడుడు: ఒక కిలో మందునకు సుమారు పదివేల కిలోల బెరడు కావలెను, నూఱేండ్ల చెట్టు ఈయగల బెరడు మూడు కిలోలకు మించదు, ఒక్క రోగి చికిత్సకు రెండు గ్రాముల మందు పట్టునని యంచనా. అనగా ఒక్క ప్రాణమునకు ఇంచుమించు ఏడు శతవృద్ధ వృక్షములు. బెరడు వలిచిన చెట్టు బ్రతుకదు. నిన్నటివఱకు కాల్చివేసిన చెట్టునకై నేడు దొంగలు రాత్రివేళ అడవిలో దూరిరి.

ఇది చాలదన్నట్లు, అదే అడవి అదే సమయమున మఱియొక వివాదమునకు రంగస్థల మయ్యెను. ఆ ప్రాచీనవృక్షముల తొఱ్ఱలలో కాపురముండి ఎగిరెడి ఉడుతలను వేటాడి జీవించు చుక్కల గుడ్లగూబ, అడవితోపాటు తానును తరిగిపోవుచుండగా, 1990లో ప్రభుత్వము దానిని ఆపదకు లోనైన జాతిగా ప్రకటించెను. మఱుసటి యేడు న్యాయమూర్తి విలియం డ్వయర్ ఆ పక్షి నివసించు ప్రభుత్వారణ్యములలో కలప విక్రయములను నిలిపివేసెను. కలపమిల్లుల కూలీలు వీధి కెక్కిరి. పక్షి గొప్పదా, మనిషి కూడు గొప్పదా యని వాదములు చెలరేగెను. ఇంతలో యూ చెట్టు వచ్చి ఆ ప్రశ్ననే మఱియొక విధముగా నడిగెను: చెట్టు గొప్పదా, స్త్రీ ప్రాణము గొప్పదా? ప్రశ్న ఇట్లు వేసినవారికి జవాబు ముందే సిద్ధముగా నుండును గనుక, అది ప్రశ్నయే కాదని నా యభిప్రాయము. ప్రభుత్వభూములలో అడవి నఱకుటకు ముందుగా యూ బెరడును సేకరింపవలెననియు, దానిని వృథాగా కాల్చరాదనియు 1992లో ఒక ప్రత్యేక చట్టము వచ్చెను. అటవీశాఖవారు తమ అడవులలో యూ చెట్టు ఎచ్చట ఎంత యున్నదో అప్పుడు లెక్కింప మొదలిడిరి. 1994లో సుమారు రెండుకోట్ల నలుబది లక్షల యెకరములకు వాయవ్యారణ్య ప్రణాళిక అమలులోనికి వచ్చెను. అది ఉద్దేశించినది గుడ్లగూబను గాని, దాని నీడన యూ చెట్టును బ్రతికెను.

అడవిని కాపాడుడు, అందు రేపటి మందున్నదేమో యని వాదించు ప్రకృతిప్రేమికులు ఈ కథను తఱచుగా ఉదాహరింతురు. వారి సద్భావమును శంకింపను గాని, ఆ వాదము బలమైనది కాదు. ముప్పది వేల జాతులను శోధింపగా చేతి వ్రేళ్ళకు వచ్చునన్ని మందులు దక్కినవి. మందు దక్కుటయే కొలమానమైనచో తక్కినవన్నియు కుప్పవోసి కాల్చుటకు యోగ్యములే యగును. పైపెచ్చు యూ చెట్టునకు ఉపేక్షవలన కలిగిన నష్టముకంటె గౌరవమువలన కలుగబోయిన నష్టమే ఎక్కువ. గుడ్లగూబ కథయు సుఖాంతము కాలేదు. తూర్పునుండి వలసవచ్చిన చారల గుడ్లగూబ దానిని తరిమివేయుచుండగా, ముప్పది యేండ్లలో నాలుగున్నర లక్షల వఱకు చారల గుడ్లగూబలను కాల్చి చంపు ప్రణాళికను 2024లో ప్రభుత్వము ఖరారు చేసెను. వన్యప్రాణి సంరక్షణము మృదువైన హృదయముల వ్యాపకమని తలచువారు ఈ సంగతి నొక్కసారి ఆలోచింపవలెను.

యూ చెట్టును నిజముగా విడిపించినది కరుణ కాదు, రసాయనశాస్త్రము. ఫ్రాన్సు దేశమున పియర్ పోటియె బృందము ఐరోపా యూ చెట్టు ఆకులో మందునకు పూర్వరూపమైన పదార్థమును గుర్తించి, దానినుండి మందును రూపొందించు దారి చూపెను. ఫ్లోరిడాలో రాబర్ట్ హోల్టన్ ఆ దారిని మఱింత సుగమ మొనర్చెను. ఆకు కోసిన చెట్టు మరల చిగుర్చును. 1990ల నడుమనే బెరడు వలుచు పని అమెరికాలో నిలిచిపోయెను. అయినను ఆ లోపలనే గిరాకీ హిమాలయములను తాకెను. అరుణాచలమునుండి పశ్చిమమున కాశ్మీరము వఱకు పెరుగు మన యూ చెట్టు, ఆకునకును బెరడునకును విచ్చలవిడిగా గొడ్డలికి గుఱియై, నేడు అంతరించు ప్రమాదమున్న జాతుల పట్టికలో నున్నది. దాని అంతర్జాతీయ వాణిజ్యముపై నియంత్రణము విధింపవలసి వచ్చెను. అమెరికా చెట్టునకు చట్టము, న్యాయస్థానము, పత్రికలు తోడుండెను. మన చెట్టునకు ఆ పరివారము లేకపోయెను.

ఇంత పెనుగులాటయు దేనికొఱకో ఆ ఫలమును గూడ తూకము వేసి చూడవలెను. 1994లో ఈ మందును, పాక్లిటాక్సెల్ అను పేరుతో, ముదిరిన రొమ్ము క్యాన్సరునకు అనుమతించిరి. తొలిదశ రోగులకును ప్రయోజనముండునా యని 3,121 మంది స్త్రీలపై జరిపిన పరీక్ష ఫలితములు 2003లో వెలువడెను: శస్త్రచికిత్సానంతరము వాడుక మందులు మాత్రమే పొందినవారిలో అయిదేండ్లకు నూటికి 77 మంది జీవించియుండగా, వానికి ఈ మందును చేర్చినవారిలో 80 మంది జీవించియుండిరి. నూటికి మువ్వురు! అల్పమని పెదవి విఱుచువారు, ఏటేట లక్షలమందికి సోకు వ్యాధిలో ఆ మువ్వురు ఎందఱగుదురో గుణించుకొందురు గాక. నాకు ఇంతకంటె ఆసక్తికరముగా తోచునది 2008 నాటి పరీక్ష. మూడు వారముల కొకమారు ఇచ్చు మందునే చిన్న మోతాదులుగా వారమువారమునకు ఇచ్చి చూడగా, అయిదేండ్ల మనుగడ 86.5 శాతమునుండి 89.7 శాతమునకు పెరిగెను. క్రొత్త మందు లేదు, క్రొత్త చెట్టు లేదు. తేదీలు మాత్రమే మారినవి. అందుకు మూల్యమును లేకపోలేదు: చేతులు కాళ్ళు తిమ్మిరెక్కి, చొక్కా గుండీ పెట్టుకొనుటయు కష్టమగు నరముల బాధ ఒక స్థాయికి మించి కలిగినవారు 20 శాతమునుండి 27 శాతమునకు పెరిగిరి.

నేడు ఈ మందు హైదరాబాదు ఔషధ కర్మాగారములలోనే తయారగుచున్నది. కీమోథెరపీ ఆరోగ్యశ్రీ పరిధిలో నున్నది. అయినను రొమ్ము క్యాన్సరు కనుగొన్న అయిదేండ్లకు జీవించియుండువారు, 2010–14 నడుమ వ్యాధి బయటపడినవారి లెక్క ప్రకారము, అమెరికాలో నూటికి 90 మందియు, భారతదేశమున 66 మందియు. చెట్టు ఒక్కటే, మందు ఒక్కటే. ఇచ్చటి స్త్రీ వైద్యుని గుమ్మము త్రొక్కునప్పటికి గడ్డ పెరిగి చంకలోని గ్రంథులకు ప్రాకియుండుటయే ఈ వ్యత్యాసమునకు ముఖ్యకారణములలో నొకటి. అందుచేతనే ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 1998లో మఱియొక ప్రయోగ మారంభించిరి. పేదలు నివసించు పేటలలో సుమారు లక్షన్నర మంది స్త్రీలను రెండు భాగములుగా విభజించి, ఒక భాగమువారిని, తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలైన స్త్రీలచేత రెండేండ్ల కొకమారు చేతితోనే పరీక్ష చేయించిరి. ఇరువదియేండ్ల పరిశీలనానంతరము 2021లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఏబదియేండ్లు దాటినవారిలో రొమ్ము క్యాన్సరు మరణములు ఇంచుమించు 30 శాతము తగ్గినవి. అంతకు చిన్నవయస్సువారిలో అట్టి లాభము కానరాలేదు.